దసరా పీట మీద గ్రాఫిక్స్ పెట్టె

ఈమధ్య మా అక్క కూతురు కొత్త లాప్‌టాప్ కొనుక్కుని నాకు చూపించడానికి వచ్చింది. "పిన్నీ, దీన్లోనే గ్రాఫిక్స్ కార్డు ఉంది. నీ కాలంలోలాగా పక్కన పెట్టె పెట్టుకోనక్కర్లేదు" అంది. నేను నవ్వి, దాని లాప్‌టాప్‌కి ఓ కుంకుమ బొట్టు పెట్టి పంపించాను. నా కాలం అంటే ఎప్పుడో కాదు. నేను పని మానేసి ఇంకా ఎన్నాళ్లో కాలేదు. కానీ ఆ పక్కన పెట్టె లేకపోయి ఉంటే నేను పని మానడం చాలా ముందే, నా ఇష్టం లేకుండానే జరిగి ఉండేది. ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలకి ఆ సంగతి చెప్పాలనిపించింది.

నేను బడి మొహం చూడలేదు. చిన్నప్పుడు ఆయాసం. రేవు వైపు నుంచి దుమ్ము గాలి వచ్చిన రోజు మంచం దిగేదాన్ని కాదు. అమ్మ తెలుగు చెప్పింది. రేవులో డ్రాయింగులు గీసే నాన్న, పాత నీలం కాగితాల వెనక వైపు నా చేత గీతలు గీయించారు. కంప్యూటర్ కూడా ఇంట్లోనే నేర్చుకున్నాను, కొంత వీడియోలు చూసి, మిగతాది దేవుడికి దణ్ణం పెట్టుకుని. చేతిలో ఒక్క సర్టిఫికెట్ లేని నన్ను పిలిచి కుర్చీ వేసిన ఆఫీసు ఒకటే ఒకటి. పూర్ణా మార్కెట్ దగ్గర, మెట్లు ఎక్కితే మేడ మీద రెండు గదులు. కట్టబోయే ఇళ్లనీ హాళ్లనీ ముందుగా కంప్యూటర్‌లో కట్టి చూపించడం మా పని. చుట్టుపక్కల పూల కొట్లు. ఆ గదుల్లో కూర్చుంటే అగరుబత్తి వెలిగించకుండానే పూజ చేస్తున్నట్టుండేది. ఆ ఒక్క మేలుకే రోజూ దేవుడికి థాంక్స్ చెప్పుకునేదాన్ని.

మా యజమాని కుర్రవాడు, మంచివాడు, కంగారు మనిషి. కంగారు ఎక్కువైతే చేగోడీలు తింటాడు. ఆయన కాక నేను, ఇంకో పెద్దాయన. ఆ పెద్దాయన ఏళ్ల తరబడి బల్ల మీద చేత్తో ప్లానులు గీసిన మనిషి. కంప్యూటర్‌ని మౌస్ పట్టుకుని కాక దూరం నుంచి చూపుడువేలితో నడిపించేవారు. "అక్కడ గీత వంకరగా ఉంది చెల్లెమ్మా" అంటే నిజంగానే వంకరగా ఉండేది. కింద అంతస్తులో వైర్లూ స్విచ్చులూ అమ్మే భాయ్ కొట్టు. పాతపట్నంలో మూడు తరాల నుంచి ఉన్న కుటుంబం. ఆయన మా ఆఫీసులో ఉద్యోగి కాదు కానీ మా ముగ్గురికన్నా ఎక్కువసేపు అక్కడే ఉండేవాడు.

ఇక పెట్టె. మా లాప్‌టాప్ సన్నగా, అందంగా ఉండేది. లెక్కలూ మెయిళ్లూ బాగా చేసేది. కానీ గోడ మీద ఎండ పడాలన్నా, గచ్చు మెరవాలన్నా దాని వల్ల కాదు. గదిలో ఒక కుర్చీ తిప్పమంటే కాసేపు ఆలోచించుకుని, సగం తిప్పి, మళ్లీ ఆలోచించుకునేది. అందుకని యజమాని ఓ ఇనప పెట్టె కొన్నాడు. పెళ్లివంటల రైస్ కుక్కరంత ఉంటుంది. లోపల పెద్ద గ్రాఫిక్స్ కార్డు, దానికి సొంత ప్లగ్గు, సొంత ఫ్యాన్లు. మూరెడు తీగతో లాప్‌టాప్‌కి తగిలిస్తే చాలు, మేడలు గిర్రున తిరిగేవి. రోజూ ఒకటే పద్ధతి. ముందు పెట్టె స్విచ్చి వేయాలి, తరవాత లాప్‌టాప్. సాయంత్రం తీగ ఊరికే పీకేయకూడదు. తెర మీద చిన్న బొమ్మ నొక్కి, వెళ్లొస్తానని చెప్పి, అది సరే అన్నాకే పీకాలి. చెప్పకుండా పీకితే లాప్‌టాప్ తెర నల్లబడి అలిగి కూర్చునేది.

ఈ పద్ధతి చూసి భాయ్ మొదటి వారంలోనే దానికి పేరు పెట్టేశాడు.

"ఇది అత్తగారు బావా" అన్నాడు యజమానితో. "కూకున్న కాడినుంచి కదల్దు. ఎప్పుడూ ఏడిగానే ఉంటాది. కోడలు పుట్టింటికి ఎల్లాలంటే పర్మిషన్ అడగాల. సెప్పకుండా ఎల్లిందా, ఇల్లు సీకటే."

అప్పటినుంచి పెట్టె అత్తగారు, రోజూ నాతో బస్సులో ఇంటికొచ్చే లాప్‌టాప్ కోడలు. యజమాని ఇళ్ల బొమ్మలు చూసుకోవడానికి వచ్చినవాళ్ల ముందు కూడా "ఉండండి, అత్తగారిని లేపాలి" అనేవాడు. వాళ్లు ఎవరో ముసలావిడ లోపల పడుకుందనుకుని గొంతు తగ్గించి మాట్లాడేవాళ్లు.

అత్తగారి వెనక నుంచి వేడిగాలి ధారాళంగా వచ్చేది. దాన్ని వృథా చేయడం మా ఎవరికీ మనసొప్పలేదు. పెద్దాయన వానాకాలంలో రుమాలు ఆరేసుకునేవారు. యజమాని టిఫిన్ క్యారియర్ అక్కడే వెచ్చబడేది. ఓసారి పరవాడ నుంచి వచ్చిన ఒకాయన తన కొత్త ఇంటి వంటగది తెర మీద చూస్తూ, కళ్లు మూసుకుని, "ఎంత బాగా ఏసేరండీ, పులిహోర వాసన కూడా వచ్చేత్తంది" అన్నాడు. మేం ముగ్గురం ఆ పొగడ్తని వినయంగా స్వీకరించాం.

ఆ ఏడాది పనులు తగ్గిపోయాయి. సముద్రం ఎదురుగా అద్దాల మేడలో ఓ పెద్ద డిజైన్ ఆఫీసు వచ్చింది, అందరూ అటు వెళ్తున్నారు. మాకు మిగిలిన ఆశ ఒకటే. భీమిలి దారిలో ఒక మత్స్యకారుల ఊరు కల్యాణ మంటపం కట్టుకుంటోంది. ఊరి పెద్దలు మమ్మల్నీ అడిగారు, అద్దాల మేడ వాళ్లనీ అడిగారు. దసరా దశమినాడు ఊరంతా కూర్చుని ఎవరికివ్వాలో తేల్చుకుంటామన్నారు.

"ఇది రాకపోతే ఆఫీసు మూసేస్తానక్కగారూ" అన్నాడు యజమాని చేగోడీలు నములుతూ. "మా మావగారి రొయ్యల చెరువులు చూసుకోమంటున్నారు. మీకు తెలుసు కదా, నాకు చిన్నప్పటినుంచీ రొయ్య మీసాలంటే భయం."

నవ్వాను కానీ రాత్రి జపంలో మనసు నిలవలేదు. ఆయనకి రొయ్యలైనా ఉన్నాయి. నాకు ఆ కుర్చీ తప్ప ఇంకో కుర్చీ లేదు.

మంటపం బొమ్మ తయారుచేశాను. వీడియోగా తీసి పెట్టుకుంటే పెట్టె అవసరం ఉండేది కాదు, ఏ ఫోన్‌లోనైనా చూపించొచ్చు. కానీ ఆ ఊరి పెద్దలు ఫోన్‌లో రోజుకో మార్పు చెప్పేవాళ్లు. దశమి తెల్లవారగానే వీడియో తీసి, మేమే ఊరికి పట్టుకెళ్లి చూపించాలని అనుకున్నాం.

నవమినాడు ఆయుధపూజ. మా వైపు పనిముట్లు పీటెక్కించడమంటే ఎంత శ్రద్ధో మీకు తెలుసు. ఆటోలూ లారీలూ క్రేన్లూ కూడా పూలదండలు వేసుకుంటాయి. ఆ ఏడు మా పెద్దాయన ఈశాన్యం మూల పీట వేసి, తన టీ స్కేలూ, మూలమట్టాలూ పెట్టి, మధ్యలో పెద్ద ముత్తయిదువలా అత్తగారిని కూర్చోబెట్టారు. పసుపు రాశారు, బొట్లు పెట్టారు. పూర్ణా మార్కెట్ పక్కనే ఉండి పూలకి పిసినారితనం ఏమిటనుకున్నారేమో, లారీకి వేసే బంతిపూల దండ తెచ్చి పెట్టె చుట్టూ మూడు చుట్లు చుట్టారు. పైన అక్షతలు చల్లారు. యజమాని ఎవరికో ఆఖరి మెయిల్ ఒకటి పంపాలని లాప్‌టాప్ పట్టుకుని కూర్చోవడంతో కోడలు మాత్రం పీట ఎక్కలేకపోయింది.

హారతి కళ్లకద్దుకుని ప్రసాదం తింటుండగా ఫోన్ మోగింది. యజమాని విని, చేతిలో ఉండ్రాయి అలాగే పట్టుకుని మా వైపు తిరిగాడు.

"ఊరి పెద్దలు. పూలకోసం మార్కెట్‌కి వచ్చారట. ఎలాగూ వచ్చాం కదా, హాలు చూసేసి పోతామంటున్నారు. కింద ఉన్నారు."

నా చూపు పీట వైపు పోయింది. పెద్దాయన చూపు నా చూపుకన్నా ముందే అక్కడుంది.

"వద్దు చెల్లెమ్మా. నవమినాడు పీటెక్కిన సామాను దశమిదాకా ముట్టకూడదు. మా తాతలనాటి నుంచీ అంతే."

"లాప్‌టాప్ ఒక్కటే పెట్టి చూపిస్తే?" అన్నాడు యజమాని.

పెట్టి చూశాం. మంటపం గుమ్మం కనిపించి, లోపలికి ఒక అడుగు వేసి, అక్కడే ఆగి ధ్యానంలోకి వెళ్లిపోయింది. యజమాని మొహంలో రొయ్యలు కనిపించాయి.

నేనూ నియమాలు పాటించే మనిషినే. పీట మీది దేవుణ్ణి కదపమని నా నోటితో అనలేను. మనసులో దణ్ణం పెట్టుకుని అన్నాను: "అన్నగారూ, పీట కదపం. పెట్టె కదపం. ప్లగ్గు పెట్టి, తీగ మాత్రం తగిలిద్దాం. అమ్మవారు కూర్చున్న చోటే కూర్చుంటుంది."

ఆయన పీట వైపూ తీగ వైపూ మార్చి మార్చి చూశారు. మెట్ల మీద చెప్పుల చప్పుడు దగ్గరికొచ్చింది. "తీగ తగిలించడం ముట్టినట్టు కాదనుకుంటాను" అన్నారు చివరికి. "దీపంలో నూనె పోత్తాం కదా, అలాగ."

తీగ మూరెడే కాబట్టి లాప్‌టాప్ దేవుడి దగ్గరికే రావాల్సి వచ్చింది. పీట పక్కన స్టూలు వేసి దాని మీద పెట్టాం. పెద్దలు నలుగురు లోపలికొచ్చారు. అందరికన్నా ముందు తెల్ల మీసాల ఊరిపెద్ద, ఆయన వెనక చేతిలో పూలబుట్టతో ఒక పెద్దావిడ, ఊళ్లో ఆడవాళ్ల తరఫున మాట్లాడే మనిషి. పీట చూడగానే చెప్పులు గుమ్మం బయట విప్పి, దణ్ణం పెట్టి, చాప మీద కూర్చున్నారు.

"ఈ పెట్టెలో ఏ అమ్మోరమ్మా?" అని అడిగిందావిడ.

"మా అత్తగారండి" అనేశాడు యజమాని అలవాటుగా.

ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసి, "మంచి అల్లుడే" అంది.

స్విచ్చి వేశాను. పెట్టె గుర్రుమంది. మంటపం కళ్లముందు లేచింది. గుమ్మం దాటాం, స్తంభాల మధ్య నడిచాం, పెళ్లిపీటల దగ్గరికెళ్లాం. ఊరిపెద్ద ఎటు వేలు చూపిస్తే అటు తిరిగాను. ఆయన మీసాల కింద చిన్న నవ్వు కనిపించి నా గుండె కుదుటపడింది.

అంతలో గుర్రుమన్న చప్పుడు రుబ్బురోలు చప్పుడైంది. మూడు చుట్ల బంతిపూల దండ లోపలికి గాలి పోనివ్వడం లేదు. వేడెక్కిన కొద్దీ పెట్టె ఫ్యాన్లని ఇంకా జోరుగా తిప్పుకుంటోంది. వెనక నుంచి వచ్చే గాలికి బంతి రెక్కలు ఎగిరాయి, వాటి వెనకే అక్షతలు. అన్నీ వెళ్లి సూటిగా ఊరిపెద్ద తల మీద పడ్డాయి.

ఆయన తల వంచి చేతులు జోడించారు.

"ఓలమ్మ" అంది పెద్దావిడ. "అరవయ్యేళ్లొచ్చాక నీకు మళ్లీ తలంబ్రాలేటి మావా."

తెర మీద హాల్లో నేను వేసి ఉంచిన పెళ్లివారు ఆగి ఆగి నడవడం మొదలుపెట్టారు. నాకు భయం పట్టుకుంది. "అన్నగారూ, దండ తియ్యాలి. పెట్టెకి ఊపిరాడటం లేదు."

"ఉద్వాసన చెప్పకుండా దండ తీత్తారేటి?" అన్నారు పెద్దాయన. మొండితనం కాదది, నిజమైన భయం. నాకు అర్థమైంది, ఎందుకంటే నా చెయ్యి కూడా దండ దాకా వెళ్లి ఆగిపోయింది.

యజమాని పురోహితుడికి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాడు. అవతల గంటలూ మంత్రాలూ. ఆయన వేరే ఏదో లారీకి పూజ చేస్తున్నారు.

"ప్రాణప్రతిష్ఠ చేశారా?" అని అడిగారాయన.

"లేదండీ. ఫ్యాన్ మాత్రం తిరుగుతోంది."

"అయితే దోషం లేదు. నమస్కారం చేసుకుని, కొంచెం ఉత్తరం వైపు జరిపి, దండ తీసేయండి" అని ఫోన్ పెట్టేశారు.

పెద్దాయన మొహం వెలిగింది. లేచి, కళ్లు మూసుకుని, ఏదో శ్లోకం చదువుతూ, రెండు చేతులతో పెట్టెని భక్తిగా ఉత్తరం వైపు జరిపారు. లాప్‌టాప్ దక్షిణం వైపుంది.

తీగ ఊడింది. తెర నల్లబడింది. కోడలు చెప్పకుండా పుట్టింటికి వెళ్లిపోయింది.

యజమాని చేగోడీల పొట్లం విప్పాడు. ఇందాకటి రుబ్బురోలు చప్పుడు కింది దాకా వినిపించిందేమో, భాయ్ టేబుల్ ఫ్యాన్ పట్టుకుని పైకొచ్చాడు. పరిస్థితి చూశాడు.

"తీగ పొట్టిది బావా. పొడుగుది కొనమని ఎప్పుట్నించి సెప్తన్నాను?" అంటూనే ఫ్యాన్ పెట్టె వైపు తిప్పి, పెద్దాయన భుజం మీద చెయ్యి వేశాడు. "పోన్లే గురువుగారూ. అత్తగారు అలిగితే ఎంతసేపు, కాసేపట్లో మామూలయిపోద్ది."

దండ తీశాం. మళ్లీ మొదటినుంచి. ముందు పెట్టె, తరవాత లాప్‌టాప్. అది లేచేదాకా చేయగలిగిందేమీ లేదు. నేను పెద్దలకి ఉండ్రాళ్లు పెట్టాను. ఊరిపెద్ద ప్రసాదం తింటూ అడిగారు.

"బొమ్మ నువ్వేసినావా తల్లీ, పెట్టేసిందా?"

"నేనే వేశానండి. పెట్టె మోసింది."

ఆయన తల ఊపారు. పెద్దావిడ మాత్రం పెట్టెకేసే చూస్తోంది. "నిన్న ఆ అద్దాల మేడకి ఎల్లినాం" అంది. "సల్లగా గది, మెత్తగా కుర్సీలు. మా హాలు సినిమా ఏసి సూపించారు. శానా బాగుంది. అటేపు తిప్పి సూపించు బాబూ అంటే, తిరగదమ్మా, వీడియో కదా అన్నారు. ఇందాక మీ పెట్టె తిరిగింది."

"మళ్లీ తిరుగుతుందమ్మా" అన్నాను. అంత గట్టిగా ఎలా అనగలిగానో ఆ దేవుడికే తెలియాలి.

తెర వెలిగింది. మంటపం లేచింది. దండ లేని పెట్టె హాయిగా, పిల్లి పడుకున్నట్టు సన్నగా గురకపెట్టింది. ఆవిడ ముందుకి జరిగింది.

"వంటశాలకి తీసుకెల్లు."

తీసుకెళ్లాను. పొయ్యిలు, గట్లు, పెద్ద గోడ.

"ఇక్కడ నిలబడి వండేది మేమే కదా. పెళ్లి రోజైనా ఏ పడవో ఒకటి సేపల ఏటలోనే ఉంటాది. ఈ గోడెనకాల ఏటుంది?"

"సముద్రం."

"మరి అగుపడదేటి?"

గోడ మీద మౌస్ పెట్టాను. అద్దాల మేడలో అయితే ఇది మళ్లీ వారానికి వచ్చే మార్పు. అప్పటికప్పుడు గోడ మధ్యలో తీసేసి, వెడల్పుగా కిటికీ పెట్టాను. పెట్టె ఒక్కసారి గట్టిగా ఊపిరి తీసుకుంది. పొయ్యిల మీద ఎండ పడింది. కిటికీలోంచి నీళ్లు మెరిశాయి. నేను ఊరికే అలంకారానికి ఎప్పుడో వేసి ఉంచిన పడవ ఒకటి దూరంగా నిలబడి ఉంది.

ఆవిడ ఆ పడవనే చూసింది. తరవాత చీర కొంగుతో మొహం తుడుచుకుని ఊరిపెద్ద వైపు తిరిగింది.

"మావా, రేపు మళ్లీ కూకోడం ఎందుకు? నాను సెప్తాను ఊళ్లో. ఈళ్లకే ఇచ్చీ."

"దశమి దశమే" అన్నారాయన పెద్దరికంగా. మళ్లీ జుట్టులోంచి ఓ అక్షత తీసి చూసుకుని, "అయినా మరి తలంబ్రాలు పడిపోనాయి కదా" అన్నారు.

మర్నాడు సాయంత్రం ఊరి నుంచి కబురు వచ్చింది, పని మాకే అని. యజమాని మావగారికి ఫోన్ చేసి రొయ్యలకి సెలవు చెప్పాడు. పెద్దాయన మాత్రం చాలా రోజులు పెట్టె దగ్గరికి వెళ్లినప్పుడల్లా ముందు ఉత్తరం ఎటో చూసుకునేవారు. భాయ్ ఎక్కడ సంపాదించాడో, పొడుగు తీగ తెచ్చి తగిలించాడు. దానితో బొమ్మ కొంచెం నెమ్మదించింది. అది మాకెవరికీ నచ్చలేదు. మళ్లీ మూరెడు తీగే పెట్టుకున్నాం.

మంటపం పూర్తయ్యాక ప్రారంభానికి పిలిచారు. పిలుస్తూ ఒక షరతు పెట్టారు, పెట్టెని కూడా తీసుకురావాలని. ఆటోలో దాన్ని ఒళ్లో పెట్టుకుని నేనే వెళ్లాను. ఊరివాళ్లు ముందు వరసలో దానికి విడిగా కుర్చీ వేశారు. సన్మానాల దగ్గర మా యజమాని నవ్వు మొహంతో లేచి నిలబడ్డాడు. పెద్దావిడ ఆయన్ని దాటి వెళ్లి, పెట్టెకి శాలువా కప్పింది. ఆయనకి రెండో శాలువా దక్కింది.

నా చెయ్యి అలవాటుగా లేచింది. ఇన్నేళ్లు దాని మీద ఏది పడ్డా, రుమాలు దగ్గర్నించి దండ దాకా, ఊపిరాడదని తీసేయడమే నా పని. అప్పుడు గుర్తొచ్చింది, ప్లగ్గు పెట్టలేదు కదా. అత్తగారు ఆ రోజు పనిలో లేరు. చెయ్యి వెనక్కి తీసుకుని, శాలువా కొసని భుజం మీద సర్దినట్టు కొంచెం సర్ది, వంటశాల కిటికీ వైపు ఓసారి చూసి వద్దామని లేచాను.